కట్టి పారేసే మాస్కులు

బీయస్సీ కెమిస్ట్రీ ప్యాసైనవాడికి లోకంలో తన చేతకానిదేదీ లేదనిపించే వయసొకటి ఉంటుంది. నాకది డెబ్బైల చివర్లో జగ్గయ్యపేటలో వచ్చి, ఒక్క ఎండాకాలంలోనే పోయింది. (తలుచుకుంటే ఇప్పటికీ నీరసమే.) ఒక డాక్టరుగారి నర్సింగ్ హోములో నెల రోజులు ఊరికే పనిచేయాలి, నచ్చితే ఉంచుకుంటారు, లేదంటే నందిగామ దగ్గర మా నాన్న పత్తిచేనే గతి. డాక్టరుగారి బాధల్లా గుడ్డ మాస్కులు. చాకలి పెట్టే నీలిమందుకి, ఉతికొచ్చేసరికి సగం నీలంగా తయారయ్యేవి. "ఒకసారి కట్టుకుని గోతిలో పూడిస్తే మట్టిలో కలిసిపోయేవి ఉంటే బాగుండునోయ్" అన్నారొకరోజు. "చేస్తానండి" అన్నా. నన్నెవరూ అడగలేదు.

నాన్న చేలో పత్తి తెచ్చి, గింజ తీసి, చాకలిసోడా నీళ్ళలో రెండు పూటలు ఉడకబెట్టి, జాడించి, ఆరబెట్టి, పలచగా పరిచి గాజ్ గుడ్డల మధ్య పెట్టి కుట్టా. చేతులు బొబ్బలెక్కాయి. అక్కడి ఆయమ్మ చూసి, "దిండ్లు కుడతన్నావేంది నాయనా?" అంది. మర్నాడు ముక్త్యాల లారీ డ్రైవరొకాయనకి హెర్నియా ఆపరేషన్. డాక్టరుగారు నా మాస్కు కట్టుకుని "తేలిగ్గా ఉందయ్యా" అన్నారు. ఉద్యోగం ఖాయమనుకున్నా. మత్తు సూది అందుకోబోతూ ఆయన తుమ్మారు. మళ్ళీ తుమ్మారు. ఏడో తుమ్ముకి, నా మాస్కే కట్టుకున్న ఆయమ్మ కూడా అందుకుంది. బల్ల మీది డ్రైవరు మెల్లిగా లేచి, పంచె సర్దుకుని, "సారుకే ఒంట్లో బాలేదు. నేను మళ్ళీ వస్తాలెండి" అని నడిచి వెళ్ళిపోయాడు.

డాక్టరుగారు మాస్కు పీకేసి, కారుతున్న కళ్ళతో నావైపు తిరిగారు. "ఎక్కడ ఆరబెట్టావు?"

"మీ డాబా మీదేనండి, శుభ్రంగా ఊడ్చి."

"మొన్నటిదాకా అక్కడ మా ఆవిడ మిరపకాయలు ఎండబోసింది కదయ్యా!"

"అవి తీశాకేనండి."

"కాయలు తీస్తే ఘాటు ఎక్కడికి పోద్ది నాయనా," అంది ఆయమ్మ ముక్కు తుడుచుకుంటూ, "దానికేమన్నా బస్సుందా?"

నెల పూర్తికాకుండానే నా పని పూర్తయింది. డాక్టరుగారు మంచివారు; వెళ్ళేటప్పుడు ఒక ఉత్తరం రాసిచ్చారు: "కష్టపడే కుర్రాడు. ఆపరేషన్ థియేటరు లేనిచోట బాగా పనికొస్తాడు." అది పట్టుకుని ఒక సిమెంటు ఫ్యాక్టరీ లాబులో చేరి, రిటైరయ్యేదాకా సున్నపురాయి పొడితో కాలక్షేపం చేశా. మొన్న పేపర్లో, మొక్కల నారతో మాస్కులట, పారేస్తే మట్టిలో కలిసిపోతాయట, కొత్త సంగతిలాగా రాశారు. మా ఆవిడకి చూపించబోయి మానుకున్నా. అప్పటి నాలోని ఆ ఇరవై రెండేళ్ళవాడి భుజం తట్టి, "ఇంకో డాబా చూసుకోరా అబ్బాయ్" అని చెప్పాలనిపిస్తుంది. చెబితే అసలు పనే మానేస్తాడేమోనని భయం కూడాను. అలసట తెలియకుండా నేను పొయ్యి దగ్గర నిలబడింది జీవితంలో ఆ రెండు పూటలే.