మా మిద్దె మీది ప్రమాదాలు

చిన్నాయన పోయాడని మొన్న ఉదయం చిత్తూరు నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. నిద్రలోనే పోయాడట. గుద్దుకున్న బండ్లను చూసి బీమా కంపెనీకి రిపోర్టు రాయడమే ఆయన జీవితమంతా చేసిన ఉద్యోగం. అలాంటి మనిషికి అంత నెమ్మదైన చావు వచ్చినందుకు సంతోషించాలో ఏమో, నాకింకా తెలియడం లేదు.

నేను తిరుపతిలో ఎమ్మే చదివే రోజుల్లో, ఒక వేసవికి తమ్ముడు బెంగళూరు నుంచి ఒక ఆట నియమాల జిరాక్సు తెచ్చాడు. చుట్టూ కూర్చుని ఆడే ఆట. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు అందులో కారు డ్రైవర్లు. ఏం చేస్తామో నోటితో చెప్పాలి. అది జరిగేదీ లేనిదీ పాచికలు తేలుస్తాయి. చిత్తూరు దగ్గరి మా ఊళ్ళో, మా మిద్దె మీద, కథ నడిపే పని చిన్నాయన తీసుకున్నాడు. ఇంజన్ జోరు పెంచే నైట్రస్ గ్యాస్ వాడితే ఆ వంతుకు బండి రెట్టింపు దూరం పోతుందని, నష్టమేమీ ఉండదని ఆ జిరాక్సులో రాసి ఉంది. ఆయన కళ్ళద్దాలు పైకి నెట్టాడు.

“ఇది రాసినోడు బండి నడిపినాడా, సినిమా సూసినాడా? గ్యాస్ ఇంజన్‌కు ఇచ్చినావు. బ్రేకుకు ఇయ్యలే, టైరుకు ఇయ్యలే, రోడ్డుకు ఇయ్యలే గదా.”

అప్పటినుంచి గ్యాస్ వాడినవాళ్ళు ఇంజన్ కోసం ఒకసారి, మలుపు కోసం ఇంకోసారి పాచికలు వెయ్యాలి. తప్పితే ఏమవుతుందో, చూసొచ్చినవాడిలా చెప్పేవాడు. చూసొచ్చినవాడే మరి. ఆ వేసవిలో మా మిద్దె మీద చాలామంది చచ్చారు. ఒకడి రొమ్ములో స్టీరింగు దిగింది. ఒకడు తలుపు తెరుచుకోక, కాలుతూ అరిచాడు.

“ఏమప్పా, అన్నం కాడ ఈ పీనుగుల కతలేంది?” అని అమ్మ గరిటె చూపించేది.

“ఆటే గదొదినా” అని ఆయన ఇంకో ముద్ద కలుపుకొనేవాడు.

అంతలో తమ్ముడు, పక్కింటి శీను కలిసి ఒక పాత కారు కొన్నారు. దానికి నిజంగానే గ్యాస్ బిగించి చంద్రగిరి రోడ్డులో పందేనికి పోతామన్నారు. అమ్మ ఏడ్చింది. చిన్నాయన మాత్రం వద్దనలేదు.

“ముందు ఈడ, ఆటలో నడుపు. ఈడ బతికితే నేనే దగ్గరుండి బిగిపిస్తా. పక్కన ఎవురు కూసున్యారు?”

“శీనుగాడు.”

ఇంజన్ కోసం వేసిన పాచికలు బాగానే పడ్డాయి. తమ్ముడు తొడ చరిచాడు. మలుపులో పాచికలు తప్పాయి, ఎదురుగా లారీ. చిన్నాయన గొంతు పెంచలేదు. శీను తొడ ఎముకలు తుంటిని పగలగొట్టుకుని ఎట్లా వెనక్కి పోయాయో, రేకు కడుపును ఎక్కడ కోసిందో చెప్పాడు.

“వాడింకా సావలేదు. నీ పేరే పిలస్తా ఉండాడు.”

“ఆపు చిన్నాయనా.”

“నేనెట్ల ఆపేది? నడిపింది నువ్వు.”

తమ్ముడు లేచి ఆయన మూతి మీద గుద్దాడు. పెదవి చీలింది. బనీనంతా రక్తం. తన పిడికిలి వంక తానే చూసుకుంటూ నిలబడిపోయాడు తమ్ముడు.

“ఏంరా సూస్తావు, కారు తియ్యి. కుట్లు పడాల” అన్నాడు చిన్నాయన.

తమ్ముడు గ్యాస్ బిగించలేదు. భయమో, సిగ్గో, లేక సిలిండరే దొరకలేదో. ఒకణ్ణి బతికించుకోవడానికి అంత క్రూరంగా మాట్లాడొచ్చునా అన్నది నాకిప్పటికీ తేలలేదు. తమ్ముడు ప్రాణాలతో కళ్ళెదుట తిరుగుతూ ఉంటే ఆయన్ని అడగడానికి నోరు రాలేదు.

చిన్నాయనను తలుచుకుంటే ఆ రోజు ఆస్పత్రికి పోయిన దారే కనిపిస్తుంది. మా ముందు ఒక మామిడికాయల ట్రాక్టరు, నత్తనడకన. తువ్వాలు మూతికి అదిమిపట్టుకుని ఆయన, “దాటి పోరా. ఎదురుగా ఎవురూ లేరు. రక్తం కారతా ఉండాదిరా” అంటున్నాడు. తమ్ముడు తల బయటికి పెట్టి చూశాడు. రోడ్డు ఖాళీగానే ఉంది. తల మళ్ళీ లోపలికి తీసుకున్నాడు. కుదుపుకు ఒక కాయ జారి మా ముందు దొర్లితే, దాని కోసమూ ఆగాడు. కాయల కుప్ప మీద కూర్చున్న కూలీలు మావైపే చూస్తూ ఉన్నారు. చిత్తూరు దాకా అట్లాగే ఆ ట్రాక్టరు వెనకే పోయాం.