గోడలకు కొట్టిన పరుపులు

జూబిలీహిల్స్‌లో ఆ సంగీత దర్శకుడి ఇంటి గేటు దగ్గర నిలబడి అడిగాను. "క్యాసెట్ మీద ఆవిడ పేరు వేశారేంటండీ? పాడింది నేను కదా!"

అప్పట్లో నేను ట్రాక్ పాడేదాన్ని. పేరున్న గాయని వచ్చేదాకా ఆ చోటు నింపే గొంతు నాది. ఆ పాటకు గాయని రానేలేదు. నా గొంతే సినిమాలో ఉంచేసి, పేరు మాత్రం ఆవిడది అచ్చువేశాడు.

"ట్రాక్ పాడేవాళ్ళకి పేరేంటమ్మా? ఎక్కువ మాట్లాడితే ఉన్న పని కూడా పోతుంది," అన్నాడు కారెక్కుతూ.

పోయింది కూడా. ఆ తర్వాత నన్నెవరూ పిలవలేదు. పాట మాత్రం ప్రతి హోటల్లోనూ మోగేది. విన్నప్పుడల్లా టీ సగంలో వదిలేసి లేచి వచ్చేసేదాన్ని. ఇక అతని గుమ్మం తొక్కను, అతనే నా గుమ్మం తొక్కాలి అనుకున్నాను. ఆ పంతంతోనే కృష్ణానగర్‌లోని నా అద్దె గదిని రికార్డింగు గదిగా మార్చడం మొదలుపెట్టాను.

ఎవరో వాడి వదిలేసిన క్యాసెట్ రికార్డరు, ఒక మంచి మైకు సంపాదించాను. కిటికీకి చెక్క బిగించి, గోడలకు దూది పరుపులు కొడుతుంటే ఆ చప్పుడుకు ఇంటావిడ పైకొచ్చింది.

"ఏంది బిడ్డా, పరుపులు గోడకు కొడుతున్నవ్? మరి నువ్వెక్కడ పంటవ్?"

"చాప మీద పిన్నిగారూ. నా గొంతు దొంగిలించినవాడికి బుద్ధి చెప్పాలి."

ఆమె నా మొహంలోకి చూసింది. "గట్లనా? జర ఆగు," అని కిందికెళ్ళి తన పరుపు కూడా మోసుకొచ్చింది.

ఫ్యాను వేస్తే ఆ చప్పుడు మైకులో పడేది. చెమటలు కారుతుండగా, సందులో ఆటో దాటిపోయేదాకా ఆగి పాడేదాన్ని. అలా నా పేరుతో భక్తి పాటల క్యాసెట్ ఒకటి బయటికొచ్చింది. అది విన్న ఒక నిర్మాత తన సినిమాకు ఈ గొంతే కావాలని పట్టుబట్టి, తన సంగీత దర్శకుణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు.

మెట్లెక్కి రొప్పుతున్నది అతనే, నా పాటకు వేరే పేరు వేసినవాడు. నిర్మాతకు కుర్చీ వేశాను. అతన్ని కూర్చోమనలేదు.

"మైకు పనిచేస్తుందో లేదో చూడాలండీ. ఆ పాట ఎవరు పాడారో చెప్పండి," అన్నాను, రికార్డరు నొక్కి.

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా?"

"చెబితేనే పాడతాను."

"ఏ పాటండీ?" అంటూ నిర్మాత ముందుకు వంగాడు.

అతను నా పేరు గొణిగాడు.

"వినబడలేదండీ. దగ్గరికొచ్చి చెప్పండి."

ఈసారి గట్టిగానే చెప్పాడు. "ఈవిడే పాడింది. పేరు మార్చింది నేనే."

అప్పుడు పాడాను. అంత హాయిగా నేనెన్నడూ పాడలేదు.

ఆ సినిమా సగంలోనే ఆగిపోయింది. నాకేం బాధ కలగలేదు. పేరు పోగొట్టుకున్న ట్రాక్ గాయనులు ఎవరొచ్చినా టీ ఇచ్చి, అతను ఒప్పుకున్న ఆ టేపు వినిపించేదాన్ని. మళ్ళీ వేయమనేవారు. ఫిల్మ్‌నగర్‌లో ఎదురైతే అతను చూపు తిప్పుకునేవాడు. నేను మాత్రం ఆగి, నలుగురికీ వినబడేలా నమస్కారం చెప్పేదాన్ని.