రెండేళ్లు వచ్చే బ్యాటరీ

ఉమాకాంత్ సిగరెట్లు మానేసి ఈ-సిగరెట్‌కి అలవాటుపడి చాలాకాలమైంది. అమెరికాలో వాళ్లుండే ఫార్మింగ్టన్ హిల్స్‌లో మంచు పడే రోజుల్లో దాన్ని కారులో వదిలెయ్యడు. కోటు లోపలి జేబులో ఇంటికి తెచ్చి, చల్లదనం పోయాకే చార్జింగ్ పెడతాడు. బ్యాటరీని పూర్తిగా అయిపోనివ్వడు. పచ్చ లైటు వెలగగానే కేబుల్ తీసేసి, దాని కొనను బనియన్ అంచుతో తుడుస్తాడు. కిందటి నెల డాక్టర్ ఊపిరితిత్తుల స్కాన్ చూసి, ఏడాది గడవడం కష్టమని అతనికీ, భార్య గీతాంజలికీ చెప్పాడు. వాళ్లా మాట ఇంకెవరికీ చెప్పలేదు. అతని అలవాట్లూ మారలేదు.

ఆదివారం టీకి వచ్చిన స్నేహితుడు రఘు, అతను కేబుల్ తియ్యడం చూసి నవ్వాడు. “పసిపిల్లని చూసుకున్నట్టు చూస్తున్నవ్ కదరా! ఇట్ల మెయింటైన్ చేస్తే ఎన్నాళ్లొస్తది?”

“కొత్త బ్యాటరీ. రెండేళ్లు ఈజీగా వస్తుంది.”

వంటింట్లో గీతాంజలి చేతిలో గరిటె ఆగిపోయింది.

“అయితే నాకు గూడ ఒకటి ఆర్డర్ చెయ్.”

ఉమాకాంత్ దగ్గి, కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. “వేరేది ఎందుకురా? ఇదే తీసుకుందువుగానిలే.”

“మరి నువ్వేం చేస్తవ్?” అంటూ రఘు పగలబడి నవ్వాడు. ఉమాకాంత్ కూడా నవ్వబోయాడు గానీ, నవ్వు రాలేదు. లోపల గీతాంజలి ట్యాప్ పూర్తిగా తిప్పి, కడిగిన గిన్నెలనే మళ్లీ కడగసాగింది.