వరోరాలో నా శ్రోత

నేను డ్రాగన్ల కథలు తెలుగులో రాస్తాను. ఉండేది బొగ్గు గనుల ఊరు చంద్రపూర్‌లో, లాల్‌పేట్ వైపు. మా వీధిలో తెలుగు మాట్లాడే ఇళ్ళు చాలానే ఉన్నాయి గానీ చదవగలిగినవాళ్ళు దాదాపు లేరు. అందరూ మరాఠీ బడికి వెళ్ళినవాళ్ళే. నేనూ అక్కడే చదివి, లెక్కల టీచర్నయ్యాను. తెలుగు అక్షరాలు అమ్మ నేర్పింది. ఆమె పోయాక ఇంట్లో నేనొక్కదాన్నే.

నా పుస్తకాలు రెండు హైదరాబాద్‌లో అచ్చయ్యాయి. రెండింటిలోనూ బొగ్గు పొరల కింద బతికే ఒక ముసలి డ్రాగన్ కథే. నిప్పు ఊదితే తన ఇల్లే అంటుకుంటుంది కాబట్టి ఏళ్ళ తరబడి నోరు మూసుకుని ఉంటుంది. మొదటిది రాగానే పక్కింటి వదినకు ఇచ్చాను. అట్ట మీది బొమ్మ బాగుందని మెచ్చుకుని టీవీ పక్కన పెట్టింది. అది అక్కడే ఉండిపోయింది. హైదరాబాద్‌లో పుస్తకాల ప్రదర్శనకు వెళ్ళి స్టాల్లో కూర్చుంటే, జనం ఆ అట్టతో సెల్ఫీ దిగి పుస్తకాన్ని మళ్ళీ బల్ల మీద పెట్టేవారు. ఒకాయన ఇది చైనా కథకు అనువాదమా అని అడిగాడు. కాదన్నాను. మనకు డ్రాగన్లెక్కడివని నవ్వి వెళ్ళిపోయాడు.

చదివేవాళ్ళు లేకపోతే వినేవాళ్ళుంటారేమో, మీరే చదివి నెట్‌లో పెట్టండన్నారు ప్రచురణకర్త. ఆదివారాలు కిటికీలు మూసి, ఫ్యాన్ ఆపి, ఫోన్ ముందు కూర్చుని చదివి రికార్డు చేసేదాన్ని. ఎండాకాలంలో చెమట కళ్ళలోకి కారేది. బయట బొగ్గు లారీ వెళ్తే ఆ వాక్యం మళ్ళీ మొదటినుంచి.

ప్రతి భాగం కింద నా ఫోన్ నంబరు కూడా పెట్టేదాన్ని. ఒక సాయంత్రం దగ్గర్లోని వరోరా నుంచి ఫోన్ వచ్చింది. కిరాణా దుకాణం నడిపే పెద్దాయన. రోజూ వింటున్నానని, కొత్త భాగం ఇంకా పెట్టలేదేమని అడిగారు. ఆ తర్వాత ఎప్పుడు ఆలస్యమైనా ఫోన్ చేసేవారు. నా కథ కోసం ఒక మనిషి ఎదురుచూడడం అదే మొదలు. బోర్డు మీద లెక్క వేస్తూ కూడా ఆయన్ను తలుచుకునేదాన్ని. దీపావళి సెలవుల్లో రెండు పుస్తకాలూ సంచిలో పెట్టుకుని వరోరా రైలెక్కాను.

దుకాణం వెతకాల్సిన పని లేకపోయింది. మార్కెట్లో సందు తిరగగానే నా గొంతే వినిపించింది. తక్కెడ పక్కన ఫోన్ నిలబెట్టి ఉంది. డ్రాగన్ మొదటిసారి నోరు తెరిచే ఘట్టం నడుస్తోంది. రాయడానికి నన్ను నెలల తరబడి ఏడిపించిన ఘట్టం. పెద్దాయన ఎవరితోనో కందిపప్పు ధర గురించి మరాఠీలో గట్టిగా బేరమాడుతున్నారు.

నేనెవరో చెప్పగానే లేచి నిలబడ్డారు. కుర్చీ తుడిచి, చాయ్ తెప్పించారు. డ్రాగన్ తర్వాత ఏం చేస్తుందనుకుంటున్నారని ఆశగా అడిగాను. ఆయన తడబడ్డారు.

"నిజం చెప్తున్న, ఏమనుకోకు బిడ్డా. ఆ డ్రాగన్ ముచ్చట నాకు సమజ్ గాదు," అన్నారు. "మా ఇంటామె పోయింది. కొడుకులు, కోడండ్లు, పిల్లలు అందరు మరాఠీల్నే మాట్లాడుతరు. నువ్వు చదువుతుంటే ఆమె మాట్లాడుతున్నట్టే ఉంటది. అందుకే పెట్టుకుంట."

చాయ్ తాగుతూ విన్నాను. ఆమె పొద్దంతా ఏదో ఒకటి చెబుతూనే ఉండేదట: ఏం కూర వండాలి, చింతపండు అయిపోయింది, పక్కవాళ్ళ బర్రె ఈనింది.

"నీ కథల ఎవ్వరు వంట చెయ్యరేంది?" అని అడిగారు.

పుస్తకాలిచ్చాను. తెలుగు చదవడం రాదంటూనే రెండు చేతులా అందుకుని, దేవుడి పటాల పక్కన పెట్టారు.

తిరుగు రైల్లో ఆయన మీద కోపం తెచ్చుకోవాలని చూశాను. రాలేదు. అమ్మ పోయిన కొత్తలో నేనూ టీవీలో తెలుగు వార్తలు పెట్టుకుని వంట చేసుకునేదాన్ని. ఒక్క వార్త కూడా వినలేదు. అయినా ఆ ప్రయాణమంతా లోపల ఖాళీగానే ఉంది.

మూడో పుస్తకంలో, గనిలో పనిచేసే వాళ్ళింట్లో ఒకావిడ పచ్చిపులుసు చేస్తూ డ్రాగన్‌తో మాట్లాడే ఘట్టం రాశాను. కథ అక్కడ ఆగిపోతోందని ప్రచురణకర్త తీసేశారు. ఆయన చెప్పింది నిజమే. అచ్చులో పోయింది. నేను చదివి నెట్‌లో పెట్టినదాంట్లో మాత్రం ఉంచాను. చింతపండు పిసకడం నుంచి తాలింపు దాకా, తొందరపడకుండా చదివాను.

కొత్త భాగం ఎప్పుడని పెద్దాయన ఇప్పటికీ ఫోన్ చేస్తారు. ఆ వంట విన్నారా అని అడగబోతాను. ఈలోగా ఎవరో గిరాకీ వస్తారు, ఉంట బిడ్డా అని పెట్టేస్తారు.