మూడో స్థానం రాజమల్లు

తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడాది చలికాలంలో నన్ను బెల్లంపల్లి నుంచి గోదావరిఖనికి బదిలీ చేశారు. హోదా స్పోర్ట్స్ సూపర్‌వైజర్. బొగ్గు కంపెనీలో ఈ హోదా ఎలాంటిదంటే, ఆటగాళ్లు మనల్ని క్లర్కు అనుకుంటారు, క్లర్కులు మనం ఆడుకుంటున్నామనుకుంటారు. నాకు బాక్సింగ్‌లో రిఫరీ, జడ్జి అర్హతలు రెండూ ఉండేవి. బాక్సర్‌గా నేను సాధించినదల్లా ఒక వంకర ముక్కు. అది కూడా ప్రాక్టీసులోనే.

చేరిన వారంలోనే పర్సనెల్ మేనేజర్ పిలిచి ఒక పని అప్పగించారు. మా ఏరియా హెవీ వెయిట్ బాక్సర్ రాజమల్లును అతని కాలపు ప్రత్యర్థులతో పోల్చి, అతని స్థాయి ఏమిటో రాసివ్వాలి. రాజమల్లు ఉద్యోగం భూగర్భ గనిలో, హాలేజీ మీద. అంటే బొగ్గు టబ్బులను లాగే ఇనుప తాడు దగ్గర. అయితే బాక్సర్ కావడంతో ఏళ్లుగా 'స్పోర్ట్స్ డ్యూటీ'లో ఉన్నాడు: పొద్దున గని మీద మస్టరులో హాజరు వేయించుకుని, అక్కడి నుంచి స్టేడియానికి వస్తాడు. కిందికి దిగడు. ఇన్నేళ్లలో ఒక్క బంగారు పతకమూ రాలేదు కాబట్టి అతన్ని పైన ఉంచాలా, కిందికి పంపాలా అన్నది నా రిపోర్టు మీద తేలుతుందన్నారు. హెవీ వెయిట్ అన్న మాటను మా ఆఫీసు ఎప్పుడో సొంతంగా అర్థం చేసుకుంది. పాపం, ఏళ్ల తరబడి వెయిట్ చేసింది.

కంపెనీలో ఏటా ఏరియాల మధ్య పోటీలు జరుగుతాయి. ఎనభై ఒక్క కిలోలు దాటితే హెవీ వెయిట్. ఆ బరువుకు కంపెనీ మొత్తంలో ముగ్గురే పోటీదారులు. రాజమల్లుకు ప్రతిసారీ మూడో స్థానం. ముగ్గురిలో మూడోవాడికి ఇచ్చే కంచు పతకానికీ హాజరుపట్టీలో పడే టిక్కుకూ తేడా ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

అతను ఎందుకు గెలవడన్న దాని మీద క్యాంటీన్‌లో సిద్ధాంతాలకు కొదవ లేదు. హాలేజీలో ఒక గంట కొడితే ఆగమని అర్థం, అందుకే రింగులో గంట మోగగానే రాజమల్లు ఆగిపోతాడని ఒక వర్గం. భార్య స్వరూపకు తప్ప ఎవరికీ భయపడనివాడు దెబ్బ తప్పించుకోవడం ఎలా నేర్చుకుంటాడని ఇంకో వర్గం. నేను చదువుకున్నవాణ్ని కాబట్టి సిద్ధాంతాలను నమ్మకుండా కాగితం మీద గళ్లు గీశాను.

ప్రత్యర్థులిద్దరు. ఒకరు భూపాలపల్లి యాదగిరి: పొడుగు చేతులు, పొట్టి ఓపిక. రెండోవారు బెల్లంపల్లి సామ్యేలు: తండ్రి, తాత కూడా గనిలోనే చేసినవాళ్లు, ఆదివారం చర్చిలో పాట, సోమవారం రింగులో పోటు. చేతివేగం, కాళ్ల కదలిక, దెబ్బ తప్పించుకోవడం, దెబ్బ వేయడం, ఇలా జడ్జీలు చూసే ప్రతి అంశంలోనూ మార్కులు వేశాను. అన్నిటిలోనూ రాజమల్లే మొదటివాడు. ఫలితాల్లో మాత్రం చివరివాడు. మొదటి రౌండు ప్రతిసారీ అతనిదే. రెండో రౌండులో కాళ్లు బరువెక్కేవి. మూడో రౌండులో అతను, రింగు తాళ్లు, ఎవరు ఎవరిని పట్టుకున్నారో చెప్పడం కష్టం.

గళ్లు చాలక సామ్యేలునే అడిగాను. బెల్లంపల్లిలో ఉన్నప్పటి నుంచి నాకు బాగా తెలిసినవాడు. బంగారం మీద బంగారం తీసుకున్నవాడు గొప్పలు చెబుతాడనుకుంటే, అతను కాస్త సిగ్గుపడ్డాడు.

"సార్, వాణ్ని నేను ఎన్నడు కొట్టలే. వాని మీద ఒరిగిన, గంతే."

బరువైనవాడు తేలికైనవాణ్ని పట్టుకుని మీద వాలిపోతే, కింద ఉన్నవాడి కాళ్లు రెండు రౌండ్లలో చచ్చుపడతాయి. నియమాల ప్రకారం అది తప్పే. కానీ అలా పెనవేసుకున్న ఇద్దరు భారీ మనుషుల మధ్యకు దూరడానికి రిఫరీకి బీమా కావాలి. సామ్యేలు చెప్పింది విన్నాక నాకు తట్టాల్సిన ప్రశ్న చాలా ఆలస్యంగా తట్టింది: ఒకే తరగతి బాక్సర్లలో ఒకరు ఇంకొకరి మీద అంత సులువుగా ఎలా ఒరుగుతారు?

మరునాడు ప్రాక్టీసుకు వచ్చిన రాజమల్లును ముందుగా చెప్పకుండా తూకం యంత్రం ఎక్కమన్నాను. అతను తడబడ్డాడు. "ఇయ్యాల తూకమున్నదని ముందుగాల చెప్పలే గద సార్. నేనేం తాగి రాలే."

తాగి రానందుకు అభినందించబోయి ఆగాను. ముల్లు డెబ్బై ఎనిమిది దగ్గరే నిలబడి, ఇంకేమీ చెప్పడానికి లేదన్నట్టు ఊరుకుంది. అతను హెవీ వెయిట్ కాదు. కింది తరగతి, లైట్ హెవీ. పేరులోనే రాజీ ఉంది కానీ, అదే అతని అసలు చోటు.

మిగతాది సెంటినరీ కాలనీలోని వాళ్ల క్వార్టర్లో స్వరూప చెప్పింది. పోటీ రోజు పొద్దున తూకానికి ముందు చెంబుల కొద్దీ అంబలి, డజన్ల కొద్దీ అరటిపండ్లు, ఆపైన నీళ్లు. తూకంలో బరువు చూపించేవాడు. సాయంత్రం పోటీ నాటికి ఆ బరువంతా తన దారిన తాను పోయేది. ఇదంతా మా జట్టు మేనేజర్ ఏర్పాటు. ప్రతి పతకానికీ ఏరియాకు పాయింట్లుంటాయి, అన్నీ కలిపి ఎక్కువ వచ్చిన ఏరియాకు షీల్డు. హెవీ వెయిట్‌లో ఎవరో ఒకరు నిలబడితే చాలు, కంచు పాయింటు ఖాయం. మా షీల్డు ఏటా ఆ అంచు మీదే నిలబడేది. పతకం వెనక ఇంత పథకం ఉందని నా గళ్లకు తెలియదు.

ఇదంతా రిపోర్టులో రాస్తానన్నాను. స్వరూప చాటలోని బియ్యం నుంచి తల ఎత్తలేదు.

"సారూ, ఆయన గెలిస్తేంది, ఓడితేంది. పొద్దుమీకి ఇంటికైతే వస్తుండు. మా నాయిన గా కిందనే పోయిండు, పైకప్పు కూలి. మీ రాతతోని ఈయనను కిందికి దించకుండ్రి."

నేను రాసినదాని సారం రెండు ముక్కలు: హెవీ వెయిట్‌లలో రాజమల్లు మూడోవాడు, అయితే అతను హెవీ వెయిట్ కాదు. పర్సనెల్ మేనేజర్ రిపోర్టును రెండుసార్లు చదివారు. "మిమ్మల్ని తూచమన్నది బాక్సర్‌ని, ఏరియాని కాదు" అన్నారు. ఆయన మాటకారి, ఒప్పుకోవాలి. చివరికి ఒక దారి చూపారు. రాజమల్లు హెవీ వెయిట్‌లోనే ఉంటే ఇంకో ఏడాది ఎవరూ ఏమీ అడగరు. సొంత బరువుకు దిగితే మాత్రం ఈసారి బంగారం తేవాలి. లేదంటే హాలేజీ.

ఈ మాట రాజమల్లుకు వాళ్లింట్లోనే చెప్పాను. అతను అన్నాడు: "ఓడినా మంచిదే సార్. ఇన్నేండ్లు ఓడింది అంబలి. ఈసారి ఓడితే నేను ఓడుత."

"ఓడితే అంబలి గూడ పొయ్య" అని లోపలి నుంచి స్వరూప అంది. దాన్ని నేను అనుమతి కింద జమకట్టుకున్నాను.

లైట్ హెవీలో మాకు అప్పటికే ఉన్న బాక్సర్‌ను ప్రాక్టీసు పోటీలో ఓడించి రాజమల్లు ఆ చోటు సంపాదించాడు. పోటీలకు పంపిన మా జాబితాలో హెవీ వెయిట్ గడి ఖాళీగా పోయింది. మూల్యాంకనం రాసినవాణ్ని కనుక నేను జడ్జీల బల్ల దగ్గర కూర్చోలేదు. నాకంటే ముందు నా గుండె ఆ రోజే రిటైర్ కావచ్చన్న భయం కూడా ఉంది.

ఫైనల్‌లో మందమర్రి బాక్సర్ ఎదురయ్యాడు. వయసులో బాగా చిన్నవాడు. మొదటి రౌండు ఎప్పటిలాగే రాజమల్లుది. రెండో రౌండులో వింత జరిగింది. అతను కాళ్లు ఎడంగా పాతి, భుజాలు బిగించి నిలబడిపోయాడు. ఏళ్ల అలవాటు: మీద పడబోయే బరువును కాయడానికి సిద్ధమయ్యాడు. ఆ బరువు రాలేదు. మందమర్రివాడు దూరం నుంచే నాలుగు తగిలించి తన దారిన పోయాడు. రౌండు పోయింది.

సామ్యేలు నా పక్కనే ఉన్నాడు. యాదగిరి మీద ఒరిగి బంగారం అప్పటికే మెడలో వేసుకున్నాడు. విరామంలో లేచి రాజమల్లు మూల దగ్గరికి పోయాడు. వేరే ఏరియావాడు అక్కడికి పోకూడదు. ఎవరూ ఆపలేదు; ఆ ఆకారాన్ని ఆపడం ఎలాగో ఎవరికీ తెలియక అనుకుంటా.

"తమ్మీ, నీ మీద ఎవ్వడు ఒరుగుతలేడు. కదులు."

మూడో రౌండులో కదిలాడు. అంత వయసులో అలాంటి కాళ్లను నేను ఆ కంపెనీలో మళ్లీ చూడలేదు. అయిదుగురు జడ్జీల్లో ముగ్గురు రాజమల్లుకు ఇచ్చారు.

షీల్డు పోయింది. రాజమల్లు బంగారంతో వచ్చిన పాయింట్లు సరిపోలేదు. మిగతా తరగతుల్లో మావాళ్లు ఆ ఏడాది చేతులు పైకెత్తారు, ఎక్కువగా లొంగిపోవడానికి. తేడా ఒకే ఒక్క పాయింటు, కచ్చితంగా ఒక కంచు పతకమంత. ఏళ్లపాటు అతన్ని పనికిమాలినవాడన్న ఆఫీసు, ఆ సాయంత్రం అతని కంచు ఎంత విలువైనదో తలచుకుని చాలా బాధపడింది. జట్టు మేనేజర్ నాతో మాట్లాడటం మానేశారు. అయినా బంగారం షరతు నెరవేరింది కాబట్టి పర్సనెల్ మేనేజర్ మాట తప్పలేదు. రాజమల్లు పైనే ఉండిపోయాడు, తర్వాత స్టేడియంలో శిక్షకుడిగా.

ఆ పనిలో నేను నేర్చుకున్నది ఇది. ఒక ఆటగాణ్ని అతని కాలపు ప్రత్యర్థులతో పోల్చే ముందు, ఆ ప్రత్యర్థులను అతనికి ఎవరు కేటాయించారో, దాని వల్ల ఎవరికి లాభమో కనుక్కోవాలి. రిటైరయ్యే దాకా నేను రాసిన ప్రతి మూల్యాంకనంలోనూ మనిషిని ముందు చెప్పకుండా తూచాను. ఏ ఒక్క జట్టు మేనేజర్‌కూ ఆ పద్ధతి నచ్చలేదు. అందుకే దాన్ని మార్చలేదు.