సున్నం రాశి మీద ముద్ర

హనుమంతరాయుడికి తన నీడ మీద కూడా నమ్మకం లేదు. కళ్ళంలో జొన్నలు రాశి పోస్తే, ఎవరు తాకినా చెరిగి తెలిసిపోయేలా, చెక్కముద్రను బూడిదలో అద్ది రాశి చుట్టూ వేసేవాడు.

ధర్మవరం దగ్గర, ఎద్దులతో నీళ్ళు తోడే అతని కపిలబావి పక్కన ఇరవై టెంకాయ మొక్కలు ఉండేవి. 1958లో వాటి కోసం నీళ్ళతొట్టి కట్టడానికి గోడలు కట్టే బేల్దారి దాసప్ప వచ్చాడు. రాయుడు సున్నం రాశికీ ముద్రలు వేశాడు. దాసప్ప జంక్షన్లో రైలింజన్లు పారబోసిన బొగ్గు బూడిద రెండు బండ్లు తెచ్చి, జల్లించి, సున్నంతో కలిపి గానుగలో నూరించాడు.

గోడ లేస్తోంది. సున్నం రాశి మాత్రం అనుకున్నంత తరగడం లేదు. తరిగితే దొంగతనం అనుకోవచ్చు. తరగకపోతే అంతకన్నా పెద్ద మోసమే ఉండాలి!

"ఏమప్పా దాసప్పా, నా తొట్టిని బూడిదతో కడతాండావా?"

"బొగ్గు బూడిద కలిస్తే సున్నం తక్కువ పడతాదప్పా. తడిలో ఇంకా బిగుస్తాది."

"అంట్లు తోమేదాంతో గోడలా? మిగతా రెండు గోడలు సున్నంలో ఇసక కలిపే కట్టు."

దాసప్ప అట్లే కట్టాడు. నెల ఆరాక కపిల తోలి తొట్టి నింపారు. తెల్లారేసరికి ఇసుక గోడల వైపు నేలంతా బురద. బూడిద గోడల వైపు చుక్క తడి లేదు.

రాయుడు గోడను చూడలేదు, దాసప్పను చూశాడు. "నీ మాటే గెలవాలని కావాల్నే ఈ పక్క చెడగొట్టినావు!"

ఇరవై ఏళ్ళుగా చుట్టుపక్కల బావులన్నిటికీ రాతికట్టు కట్టిన మనిషికి ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. తాపీ కడుక్కొని వెళ్ళిపోయాడు. సంగతి తెలిసి మరో బేల్దారి ఎవడూ ఆ తోటవైపు రాలేదు. ఎండలు ముదిరాయి. తోడిన నీళ్ళు తోడినట్టే కారిపోయేవి. ఎద్దులు డస్సిపోయాయి. ఏడు మొక్కలు మాడిపోయాయి.

"మొక్కలు గూడా నిన్ను మోసం చేసేదానికే చస్తాండాయా?" అని భార్య సిద్ధమ్మ అడిగిన రోజు, రాయుడు తువ్వాలు భుజాన వేసుకొని దాసప్ప ఇంటికి నడిచాడు.

"తప్పు నాదేలే దాసప్పా" అన్నాడు గడప బయటే నిలబడి. అరవై ఏళ్ళలో ఆ నోట ఆ మాట రావడం అదే మొదలు.

దాసప్ప వచ్చి ఇసుక గోడలు విప్పాడు. రాయుడు తానే కూర్చొని బూడిద జల్లించాడు. అయినా చూపు మాటిమాటికీ సున్నం రాశి మీదికే పోయేది. పొద్దు గూకాక ముద్ర చేతిలోకి తీసుకున్నాడు. కాసేపు తటపటాయించి మళ్ళీ చూరులో దోపేశాడు.

"ఏమయ్యా, ముద్ర ఎయ్యలేదే?" అంది సిద్ధమ్మ.

"ఏస్తే పొద్దున్నే దాసప్ప సూస్తాడే" అన్నాడు రాయుడు, తల దించుకొని.