కేను నీళ్ళూ, నా కడుపూ

ఒకప్పుడు మా ఊళ్ళో నా కడుపు సంగతి తెలియని మనిషి లేడు. రెండో తరగతిలో ఉండగా నాకు చెడ్డీలోనే అయిపోయేది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, పడాల్సిన సిగ్గంతా అప్పుడే పడ్డాను. ఆపుకోలేకపోవడం కాదది. వస్తున్నట్టు తెలిస్తే కదా ఆపుకోవడానికి! కూర్చున్నచోట పల్చగా కారిపోయేది, పక్కపిల్ల ముక్కు మూసుకున్నాక నాకు తెలిసేది. చివరికి మేస్టారు అమ్మని పిలిపించి, "బాగు చేయించి పంపమ్మా, అంతవరకూ వద్దు" అన్నారు. మంచాయనే పాపం. అయినా ఆ మాటకి ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే. బడంటే నాకు ప్రాణం. ఇంట్లో కూర్చుని, ప్రార్థన గంట వినపడినప్పుడల్లా ఏడ్చేదాన్ని.

ఇక ఊరంతా డాక్టర్లే. విరేచనాలని తేల్చేశారు. కాశీబుగ్గ మందుల షాపాయన విరేచనాలు కట్టే మాత్రలిచ్చాడు. నాన్నమ్మ దానిమ్మ తొక్క కషాయం పట్టింది, పూటపూటా అరటికాయ ఉడకబెట్టి పెట్టింది. వీధి చివరావిడ నల్లజీడి కాల్చి బొడ్డు చుట్టూ చుక్కలు పెడితే చర్మం పొక్కి, గోరుచుట్టు మీద రోకటిపోటయింది. ఎంత కట్టడి చేస్తే అంత కారేది. కడుపు మాత్రం కొబ్బరిబోండంలా గట్టిపడి ముందుకొచ్చింది, అన్నం సయించడం మానేసింది.

అప్పటికి నాన్న పోయి రెండేళ్ళు. ఆ వెనకే చిన్నాన్న. ఇద్దరికీ కిడ్నీలే. ఉద్దానంలో ఆ ఒక్క మాట చెబితే ఇంకేమీ అడగరు. పాపమంతా మా బోరింగు నీళ్ళదేనని అమ్మ నిశ్చయించుకుంది. రోజూ కాశీబుగ్గ వెళ్ళి జీడిపప్పు మీద పొట్టు ఒలిచే పని చేసి, సాయంత్రం బస్సులో ఒక కేను మంచినీళ్ళు కొని తెచ్చేది. బస్సు దిగాక తోటల్లోంచి ఇంటిదాకా చంకనెత్తుకునే నడక. ఆ నీళ్ళతో వంట చెయ్యగా మిగిలినవి నాకు చిన్న గ్లాసుతో పోసేది, ఇంకా కావాలంటే రేపనేది. బయట ఎక్కడా నీళ్ళు ముట్టనని తన మీద ఒట్టు వేయించుకుంది. బళ్ళో పిల్లలందరూ బోరింగు కింద దోసిళ్ళు పట్టి తాగుతుంటే నేను నాలికతో పెదాలు తడుపుకుంటూ నిలబడేదాన్ని. అమ్మ మీద ఒట్టు మరి, తప్పితే అమ్మ పోతుందని భయం.

ఎవరో చెబితే టెక్కలిలో పిల్లల డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన నన్ను వదిలేసి ముందు నాన్నమ్మని పట్టుకున్నారు.

"పుట్టాక మొదటిసారి దొడ్డికి ఎప్పుడెళ్ళింది మామ్మా?"

"నా సేతుల మీదే పుట్టినాది బాబూ. తెల్లారకుండానే నల్లగా ఎల్లిపోనాది. తరవాత కూడా రోజూ సుబ్బరంగా ఎల్లీది. నా కొడుకు పోయినకాడ్నించే ఈ అవస్త."

తర్వాత కడుపు నొక్కి చూశారు. గ్లవ్స్ తొడుక్కుని వెనక వేలు పెట్టి చూశారు. నేను నర్సమ్మ చెయ్యి కొరికాను.

"విరేచనాలు కాదమ్మా ఇవి. లోపల మలం రాయిలా పేరుకుపోయింది. పైనుంచి వచ్చే పల్చటిది దాని పక్కల్నుంచి కారుతోంది. పేగు సాగిపోయి, వస్తున్నట్టు పిల్లకి తెలియడం లేదు," అన్నారు చేతులు కడుక్కుంటూ.

"కారిపోతంటే కట్టీసిందంటాడేటి," అని నాన్నమ్మ గొణిగింది.

"కాలవకి దుంగ అడ్డం పడితే నీళ్ళు పక్కనుంచి పోవా మామ్మా?"

వ్యవసాయం చేసిన మనిషి కదా, నాన్నమ్మకి అది ఎక్కింది. కొంతమందికి పుట్టుకతోనే పేగు చివర నరాలుండవనీ, అలాంటి వాళ్ళకి ఆపరేషను తప్పదనీ ఆయన చెప్పారు. నాది అది కాదనుకుంటున్నాననీ, మందుకి లొంగకపోతే అప్పుడు విశాఖ పంపి పరీక్షలు చేయిద్దామనీ అన్నారు. అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"నీళ్ళు బాగా తాగుతుందా?"

అమ్మ నాన్నమ్మ వైపు చూసింది. "కడుపు సించుకుంటే కాళ్ళ మీద పడతాది, ఊరుకోయే," అంది నాన్నమ్మ మెల్లగా. నేనే చెప్పేశాను. "అమ్మ సిన్న గలాసుతోనే ఇస్తాది. దాహమేసినా ఇవ్వదు."

డాక్టరుగారికి కోపం వచ్చింది. "పిల్లకి గొంతు ఎండగట్టి, రోగమొచ్చిందని నా దగ్గరికి తెస్తారా?"

అప్పుడు అమ్మ నోరు విప్పింది. నాన్న సంగతీ, చిన్నాన్న సంగతీ చెప్పింది. "మంచినీళ్ళు ఒక్క కేనుకి మించి మొయ్యలేను బాబూ. అవి సాలకపోతే ఆ బోరింగు నీళ్ళే పొయ్యమంటారా? పోసినా నా పిల్లకేటీ కాదని సెప్తారా?"

"తెలీదమ్మా. ఆ నీళ్ళ వల్లేనని చెప్పలేను, కాదనీ చెప్పలేను. కానీ నీళ్ళు చాలకపోతే దీని కడుపు బాగుపడదు. కిడ్నీలకీ మంచిది కాదు," అన్నారు. అమ్మని చూసి, "మరి మీరేం తాగుతున్నారు?" అని అడిగారు.

"మాదేటుంది బాబూ, మేం బోరింగు నీళ్ళే."

అందరం ఆ కేనులోవే తాగుతున్నామనుకున్నాను అంతవరకూ.

నేను బాగుపడ్డాను, ఆ మాట ముందే చెప్పేస్తాను. ఎనిమా ఇచ్చి కడుపు ఖాళీ చేశారు. తియ్యటి సిరప్ నెలల తరబడి తాగాను. అన్నం తిన్న వెంటనే నాన్నమ్మ నన్ను కొబ్బరితోటలో కూర్చోబెట్టి, కుక్కలు రాకుండా కర్ర పట్టుకుని నిలబడేది. పిల్లని తిట్టొద్దని డాక్టరుగారన్నారు కాబట్టి, ఆ తిట్లన్నీ కుక్కల్ని తిట్టేది. మళ్ళీ బళ్ళోకి వెళ్ళిన కొన్నాళ్ళకి, ఓరోజు లెక్కల మధ్యలో కడుపులో కదిలినట్టు తెలిసింది. వేలెత్తి, "మేస్టారూ, దొడ్డికి" అని గట్టిగా అరిచాను. తరగతంతా నవ్వింది. నాకంత సంతోషం ఇంకెప్పుడూ కలగలేదు.

కానీ టెక్కలి నుంచి వచ్చిన ఆ సాయంత్రం మాత్రం నేను నీళ్ళు ముట్టనన్నాను. అమ్మ కేనులోంచి చెంబు నిండా వంచి నా ముందు పెట్టింది.

"నాకొద్దు. నువ్వు తాగు."

"నాకు దాహం నేదు."

"నాన్నలాగ నువ్వూ సచ్చిపోతే?"

పొయ్యి దగ్గర నాన్నమ్మ చెయ్యి ఆగిపోయింది. అమ్మ నా ఎదురుగా కూర్చుని చెంబు నా నోటికి ఆనించింది.

"నేను పోతే నీకు మీ నాన్నమ్మున్నాది. నువ్వు పోతే నాకెవులున్నారే? తాగు."

ఏడుస్తూనే తాగాను, చెంబు ఖాళీ అయ్యేదాకా.